బొమ్మ వెనక అచ్చు

అమెరికాలోని వర్జీనియాలో లెగో కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెడుతోంది. 2022లో ప్రకటించినప్పుడు వంద కోట్ల డాలర్లు, పదేళ్లలో 1,760 ఉద్యోగాలు అన్నారు. రిచ్‌మండ్‌లో ఉండే మా చెల్లెలు "అంత డబ్బుకి ఇన్నేనా అన్నయ్యా?" అంది.

బాలానగర్‌లో పాతికేళ్లుగా ప్లాస్టిక్ అచ్చులు చేస్తున్న నాకు ఆశ్చర్యం వేయలేదు. గుళికలు కరిగించి బొమ్మ పోసేది మెషినే. అచ్చు దగ్గర మాత్రం మనిషి ఉండాలి. లెగో అచ్చుల్లో తేడా 5 మైక్రాన్లు దాటకూడదంటారు, అంటే వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. అరిగినప్పుడు సరిచేసే చేతులకే గిరాకీ. అక్కడి ప్రభుత్వం స్థానికులకు శిక్షణ ఇప్పించే బాధ్యత తీసుకున్నది అందుకే.

ఇదంతా ఎందుకంటే, మా అమ్మాయి ఇప్పుడు టెన్త్. తర్వాత ఇక్కడే సీఐటీడీలో అచ్చుల తయారీ డిప్లొమా చేస్తానంటోంది. "అందరూ ఎంపీసీ అంటుంటే నువ్వు ఆకురాయి పడతావా?" అని వాళ్లమ్మ. నాకూ బెరుకే. నేను పనిచేసిన షెడ్లలో మెషిన్ మీద ఆడపిల్లని చూడలేదు.

పోయిన ఆదివారం షెడ్డుకి తీసుకెళ్లాను. అచ్చు ఒక సగానికి నీలం రంగు పూసి, రెండోదానితో నొక్కి, ఎక్కడ ఆనలేదో వేలితో చూపించింది. ఫారం తెచ్చాం. వాళ్లమ్మ ఇంకా సంతకం పెట్టలేదు.