జీతపు చీటి చెప్పిన నిజము

ఉపాధ్యాయునకు పరులు వ్రాసిన పరీక్షాపత్రములు దిద్దుట నిత్యకృత్యము. తాను వ్రాసిన పత్రమును తానే దిద్దుకొనవలసిన సందర్భము మాత్రము అరుదుగా వచ్చును. నాకట్టి సందర్భము 2024వ సంవత్సరము జులై మాసమున వచ్చినది. దానిని నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుగానే ఉన్నది. అయినను నావలె నెలజీతముపై సంసారమీడ్చు గృహస్థులు ఈ పత్రిక చదువువారిలో పెక్కురు కలరు గనుక, ఒకరిద్దరికైనను ఉపకరింపకపోదను తలంపుతో వ్రాయుచున్నాను.

నేనొక ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు చెప్పువాడను. సంస్కృతము కొంత, ఆంగ్లము కొంత చదివితిని. ఎంత కఠిన సమాసమైనను విడదీయగలను గాని, ఆదాయపు పన్ను పత్రమును చూచినంతనే నాకు భయము పుట్టెడిది. ఆ భయమే ఆధారముగా బ్రతుకు ఒక పెద్దమనిషి ప్రతి వేసవి సెలవులు ముగిసిన తరువాత మా పాఠశాలకు వచ్చెడివాడు. మేము మా ఫారం 16లును, కొంత రుసుమును అతని చేతిలో పెట్టెడివారము. అతడు నవ్వుచు, “మాస్టారూ, ఈ ఏడు ఎంత వెనక్కి రప్పించమంటారు?” అని అడిగెడివాడు. ఆ ప్రశ్నలోనే దోషమున్నదని ఆనాడు నాకు తోచలేదు. రిటర్ను అనునది లెక్క. లెక్కలో వచ్చినది వచ్చును, రానిది రాదు. “ఎంత కావలెను?” అని అడుగుట బేరము. 2023లో ఆ బేరము ఫలించి, నా బ్యాంకు ఖాతాలో 15,600 రూపాయలు పడినవి. ఎట్లు వచ్చినవని నేనడుగలేదు. అడుగకుండుటయే సుఖమని లోలోపల నెరుగుదునేమో.

మరుసటి యేడు ఆ పెద్దమనిషి రుసుము పెంచెను. మా అమ్మాయి బి.కాం. రెండవ సంవత్సరము చదువుచున్నది. “ఎందుకు నాన్నా, మనమే చేసుకుందాం. పే స్లిప్పులుంటే చాలు” అనినది. పే స్లిప్పులు నా యొద్ద లేవు. నా భార్య యొద్ద ఉన్నవి. నెలనెలకు అచ్చు తీయించి, తేదీల వరుసను ఒక సంచికలో పెట్టి, ఆమె భద్రము చేసియున్నది. మా తండ్రిగారి జీతమెంతయో మా తల్లి కడవరకు ఎరుగదు. అడుగుట మర్యాద కాదనుకొనెడిది, చెప్పుట అవసరమని ఆయనకును తోచలేదు. ఇల్లు నడుపు స్త్రీకి ఇంటి ఆదాయము తెలియకుండుట ఎంత వింతయో మనకిప్పటికిని పూర్తిగా బోధపడలేదు. ఆ రాత్రి మేము మువ్వురము దీపము క్రింద కూర్చుండి, పండ్రెండు చీటీలను చాపపై పరచితిమి.

మొదటి పాఠమును ఆ చీటీలే చెప్పినవి. చేతికి వచ్చునది వేఱు, ఆర్జించునది వేఱు. నేను నా ఆదాయమనుకొనునది బ్యాంకులో పడు మొత్తము. చట్టము చూచునది మూలవేతనము, కరువు భత్యము, ఇంటి అద్దె భత్యము మొదలగునవి కూడిన స్థూలవేతనము. సి.పి.ఎస్.కు పోవునది, ప్రభుత్వ జీవిత బీమాకు పోవునది, నెలకు 200 చొప్పున వృత్తిపన్నుగా పోవునది, అన్నియు మొదట ఆదాయములో చేరి, పిమ్మట అర్హతను బట్టి తగ్గింపబడును. ఇంటి అద్దె భత్యము చీటీలో కనబడినంత మాత్రమున అది పన్ను లేని సొమ్ము కాదు. అద్దె నిజముగా చెల్లించువానికే, అదియు కొన్ని హద్దులలోనే, మినహాయింపు. నేనుండునది మా తండ్రిగారు కట్టించి నాకిచ్చిన పెంకుటిల్లు. కావున ఆ భత్యమంతయు పన్నుకు లోబడినదే.

రెండవ పాఠము సంవత్సరమును గూర్చినది. మార్చి జీతము మాకు ఏప్రిలులో అందును. అందుచే మా లెక్క మార్చి చీటితో మొదలై ఫిబ్రవరి చీటితో ముగియును. ఇది తెలియక ఏప్రిలు నుండి కూడినచో మొత్తము కుదరక, తప్పెక్కడనో తెలియక, రాత్రియంతయు కూర్చుండవలసివచ్చును. మేమొక గంట అట్లే కూర్చుంటిమి.

మూడవది ముఖ్యము. నెలచీటీలు కాక విడిగా వచ్చు బిల్లులు కొన్ని కలవు. కరువు భత్యపు బకాయిలు, సెలవు సరెండరు సొమ్ము మొదలగునవి. ఆ యేడు నాకు సరెండరు సెలవుకు 40,000 రూపాయలు వచ్చినవి. బ్యాంకు పుస్తకములో ఉన్నవి గాని ఫారం 16లో లేవు. దానిని తయారు చేసినవారు మరచిరి. మరుపు వారిదైనను ఆదాయము నాది. ఫారం 16 యజమాని చెప్పు లెక్క, రిటర్ను నేను చెప్పు లెక్క. మొదటిదానిలో లేదని రెండవదానిలో దాచుటకు వీలులేదు. ప్రభుత్వ లెక్కలలో కనబడు ఫారం 26ఏఎస్‌ను, వార్షిక సమాచార పట్టికను కూడ అమ్మాయి తెరచి చూపినది. నెలనెల కోసిన పన్ను మా చీటీలతో సరిపోయినది. కాని ఆ పట్టికలో నా డిపాజిట్టుపై వడ్డీ 13,000 కనబడినది. అదియు నేను మరచినదే. అంతయు కూడగా స్థూలాదాయము 11,40,000 అయినది. ఆ యేటి నుండి క్రొత్త పన్ను విధానమే మొదటి మార్గముగా నిర్ణయింపబడియుండెను. రెండు విధములను లెక్క వేసి చూడగా నాకదియే తక్కువగా తేలినది. నేనింకను చెల్లింపవలసినది 8,268 రూపాయలు.

ఇంతవరకు కథ సాఫీగా నడచినది. గడులు సరిచూచుకొనుటకు అమ్మాయి క్రిందటి యేటి రిటర్నును తెరచినది. చూచుచు చూచుచు ఆగి, తలయెత్తి అడిగినది:

“నాన్నా, మనం చదువు కోసం అప్పు ఎప్పుడు తీసుకున్నాం?”

నేను బదులు చెప్పలేదు. “దాని మీద యాభై వేలు వడ్డీ కట్టామని ఉంది. ఆరోగ్య బీమాకు పాతిక వేలని కూడా ఉంది. మనకు అలాంటి బీమా లేదు కదా!” అనినది. ఆ గొంతులో నిందలేదు, కేవలము సందేహము. తరగతిలో చేయెత్తి నిలుచు శిష్యుని సందేహమువంటిది. అందుచేతనే అది నన్ను దహించినది. తన చదువునకై నేను చేయని అప్పును తన పేరనే ప్రభుత్వమునకు అమ్మితినని ఆ బిడ్డ తెలిసికొనినది. 75,000పై ఇరువది శాతము, దానిపై సుంకము. ఆ 15,600 ఎట్లు వచ్చెనో అప్పుడు లెక్క తేలినది.

ఆ మార్చి మాసముననే, పరీక్షలో ప్రక్కవాని పత్రము చూచి వ్రాసిన పదవ తరగతి బాలుని నేను లేపి నిలబెట్టితిని. “నేను వ్రాయలేదండీ, వాడే చూపించాడు” అని వాడేడ్చెను. “చూపించినవాడు వాడైనా పత్రం మీద పేరు నీదే గదా” అని నేను గంభీరముగా పలికితిని. ఇప్పుడు నేను నా భార్యతో, “అది నేను వ్రాయలేదు, ఆ పెద్దమనిషి వ్రాసినది” అంటిని. ఆమె నావంక చూచి, “ఒప్పుకుంటూ సంతకం చేసింది మీరు కదండీ” అని మాత్రమనినది. నా మాట నాకే తిరిగివచ్చినది.

దిద్దుకొను దారి చట్టములోనే ఉన్నది. 2022 నుండి, తప్పు రిటర్ను ఇచ్చినవాడు గడువులోపల స్వయముగా సవరించిన రిటర్ను నిచ్చి, తక్కువైన పన్ను, వడ్డీ, వానిపై అదనపు భాగము చెల్లింపవచ్చును. నాకు వర్తించు అదనపు భాగము నూటికి ఇరువదియైదు. తప్పు వాపసును, ఆ యేడు చూపని డిపాజిట్టు వడ్డీపై పన్ను 2,600ను, అదనపు భాగమును, వడ్డీని కలుపగా మొత్తము 23,000 దాటినది. ఆ యేటి 8,268 దీనికి తోడు.

మా యింట నిలువయున్నది 35,000. వానలు ముదురకముందే ఇల్లు నేయింపవలెనని కూడబెట్టిన సొమ్ము. పెరటి వసారాలో పెంకులు పగిలి, నీరు నేరుగా గాదె ప్రక్కనే పడును. నేను చెప్పుటకు వెనుదీయుచుండగా నా భార్యయే, “ఇల్లు వచ్చే ఏడు నేయిద్దాం. ఇది ఈ వారమే కట్టండి” అనినది. గాదెను తానును అమ్మాయియు కలిసి నడుమ గదిలోనికి జరిపిరి.

ఈ సంగతి చెప్పినప్పుడు మిత్రులు కొందరు నన్ను పరిహసించిరి. కోట్లు ఎగవేయువారుండగా బడిపంతులు పదిహేను వేలకు ప్రాయశ్చిత్తము చేసికొనుట వెఱ్ఱి యనిరి. జీతగాండ్రకు ముందే పన్ను కోయబడుననియు, ఇతరులకు దాచు వీలు మెండనియు వారనుట అబద్ధము కాదు. అన్యాయమున్నచోట అడుగవలసినదే. కాని అడుగువాని చీటి సరిగా నుండవలెను. దొంగలెక్క చేతబట్టుకొని దొరలెక్కను ప్రశ్నింపజాలము. 1857 తిరుగుబాటు వలన కలిగిన లోటు పూడ్చుటకు 1860లో జేమ్స్ విల్సన్ ఈ పన్నును మన దేశమున ప్రవేశపెట్టినప్పుడు అది పరాయి దొరల పన్ను. నేడు నా జీతము వచ్చునది ప్రజలు కట్టు పన్నులనుండియే. నా బడి కప్పు, నా విద్యార్థుల పుస్తకములు అందుండియే. నేను దానినుండి దొంగిలించుట పరులసొమ్ము దొంగిలించుటయైనను కాదు, నా తరగతి గదినే దొంగిలించుట.

2025 జులైలో ఇట్టి అబద్ధపు మినహాయింపులు వ్రాసియిచ్చు మధ్యవర్తులపై ఆదాయపు పన్ను శాఖవారు దేశమునందు సుమారు 150 చోట్ల సోదాలు జరిపిరి. ఆ వార్త చదివి మా పాఠశాలలో కొందరికి నిద్ర పట్టలేదు. నాకు పట్టినది. ధైర్యము చేత కాదు, ముందే చెల్లించితిని గనుక. 1961నాటి చట్టమునకు బదులుగా 2025లో చేసిన క్రొత్త చట్టము 2026 ఏప్రిలు 1 నుండి అమలునకు నిర్దేశింపబడినది. సెక్షన్ల సంఖ్యలు మారవచ్చును, గడులు మారవచ్చును. నెలనెల చీటీలు దాచి, విడిబిల్లులు చేర్చి, కూడి, సరిచూచి, తెలిసి సంతకము చేయుటలో మారునది లేదు. అది తెలియనంత కష్టమును కాదు. ఒక రాత్రి పని. ఇంటివారందరు కలిసి కూర్చుండిన సగము రాత్రి.

ఆ వర్షకాలమంతయు పెరటి వసారాలో మేమొక ఇత్తడి గంగాళము పెట్టితిమి. రాత్రులందు నీరు దానిలో పడుచుండగా నాకు మెలకువ వచ్చెడిది. లేచి, నిండినదేమో చూచి, వంపి, మరల పెట్టి పడుకొనెడివాడను. మరుసటి వేసవిలో ఇల్లు నేయించితిమి. ఆ కూలి లెక్కను అమ్మాయి తన చేతితో వ్రాసి, జీతపు చీటీల సంచికలోనే పెట్టినది.