సొంతూరి దారిలో కుదుపులు

కువైట్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఏడాదిలో రెండే కాలాలు. ఒకటి ఊరికి వెళ్ళే ముందు కాలం, రెండోది ఊరి నుంచి వచ్చిన తరువాతి కాలం. నెలల ముందు నుంచే టిక్కెట్ల ధరలు చూసుకోవడం, పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, టైగర్ బామ్ సీసాలు కొని అట్టపెట్టెల్లో సర్దడం, తూకం వేసి రెండు కిలోలు ఎక్కువైందని కట్టిన తాడు మళ్ళీ విప్పడం, ఇవన్నీ మనందరికీ అలవాటైన పనులే. అయితే ఏ పెట్టెలోనూ పట్టని ఒక బరువును మేము రెండేళ్ళు మోశాము. అది విమానం కుదుపుల భయం. మాలాగే ఈ భయాన్ని బయటికి చెప్పుకోలేని వాళ్ళు మన బడి కుటుంబాల్లో ఇంకా ఉంటారన్న నమ్మకంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా ఊరు రాజంపేట దగ్గర ఒక చిన్న పల్లె. కువైట్ నుంచి చెన్నై దాకా సుమారు అయిదు గంటలు విమానం, అక్కడి నుంచి కారు. 2022 జూన్‌లో అలాగే బయలుదేరాము. అరేబియా సముద్రం మీద ఉండగా, భోజనాలు పెడుతున్న సమయంలో బెల్టు పెట్టుకోమని గుర్తు వెలిగింది. సిబ్బంది బండ్లు వెనక్కి తోసుకుపోయి తమ సీట్లలో కూర్చున్నారు. ఆ తరువాత ఇరవై నిమిషాల పాటు విమానం ఊగింది, దిగింది, లేచింది. పైన సామాన్ల అరలు గడగడలాడాయి. వెనక ఎవరో గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నారు. మేమిద్దరం పిల్లల చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నామంటే, మా గోళ్ళ గుర్తులు వాళ్ళ చేతుల మీద పడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదట పిల్లలు ఏడవలేదు. మా బాబు ఉయ్యాల ఊగినట్టుందని నవ్వాడు కూడా. వాళ్ళు కిటికీలోంచి బయటకు చూసి భయపడలేదు, మా ముఖాలు చూసి భయపడ్డారు.

విమానం క్షేమంగా దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ 2023 వేసవిలో మేము ఊరికి వెళ్ళలేదు. టిక్కెట్లు బాగా పెరిగాయని అన్నాము. ఇల్లు మారుతున్నామని అన్నాము. ఊర్లో అమ్మకు ఫోన్ చేసి వచ్చే ఏడు తప్పకుండా వస్తామని చెప్పాము. ఆమె "సర్లే నాయనా" అంది. ఇందులో ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు, ఒక్కటీ అసలు కారణమూ కాదు. అసలు కారణాన్ని మేమిద్దరం ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు.

దాన్ని బయట పెట్టింది మన తెలుగు బడే. ఒక శుక్రవారం పిల్లలను 'మా అవ్వ' గురించి కొన్ని వాక్యాలు రాయమన్నారు. అప్పటికి తొమ్మిదేళ్ళున్న మా పాప ఇలా రాసింది: "మా అవ్వ ఫోనులో ఉంటుంది. అవ్వ ఊరికి విమానంలో వెళ్ళాలి. అమ్మకూ నాన్నకూ విమానం అంటే భయం. అందుకని మేము వెళ్ళము." టీచరుగారు ఒత్తు తప్పు ఒకటి దిద్ది, 'బాగుంది' అని రాసి పంపారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. పిల్లలకు తెలియదనుకున్నవన్నీ వాళ్ళకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో, జూలై ప్రయాణానికి టిక్కెట్లు కొన్నాము.

టిక్కెట్లు కొన్న నెలకే ఆ వార్త వచ్చింది. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద తీవ్రమైన కుదుపులకు గురై, బ్యాంకాక్‌లో దిగింది. ఒక ప్రయాణికుడు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. మా పాప స్కూలు నుంచి వచ్చి, "విమానం ఆరు వేల అడుగులు కింద పడిందంట, నిజమేనా?" అని అడిగింది. అలాంటిదేమీ కాదు, నువ్వు పోయి చదువుకో అని చెప్పబోయి ఆగాము. అలా చెప్పీ చెప్పీ కదా ఇక్కడికి వచ్చాము!

ఆ నెలాఖరున సింగపూర్ దర్యాప్తు సంస్థ తొలి వివరాలు ప్రకటించింది. వాటిని ముగ్గురం కూర్చుని చదివాము. బెల్టు లేని వాళ్ళను సీట్లలోంచి ఎగరేసిన ఆ కుదుపులో విమానం దిగింది ఆరు వేల అడుగులు కాదు, 178 అడుగులు. అంటే సుమారు 54 మీటర్లు, 4.6 సెకన్లలో. అప్పుడు అది ఎగురుతున్నది 37 వేల అడుగుల ఎత్తులో. ఆ ఎత్తులో 178 అడుగులంటే రెండు వందల వంతు కూడా లేదు. పైలట్లు ఆ తరువాత విమానాన్ని మామూలుగానే కిందికి దించారు. బెల్టు పెట్టుకోని వాళ్ళు గాలిలోకి లేచి, తిరిగి కింద పడి ఉంటారని ఆ నివేదిక చెప్పింది. చదివాక భయం పోలేదు గానీ, ఏ విషయానికి భయపడాలో తెలిసింది. విమానం విరిగిపోతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాము. భయపడవలసింది బెల్టు లేకుండా కూర్చోవడానికి.

ఆ తరువాత పాపతో పాటు మేమూ పాఠం చదివాము. వేసవిలో కువైట్ రోడ్డు మీద వేడి గాలి అలలు అలలుగా లేవడం మీరందరూ చూసే ఉంటారు. వేడి గాలి పైకి లేస్తుంది, చల్ల గాలి కిందికి దిగుతుంది. రెండూ కలిసే చోట విమానం వెళ్తే ఊగుతుంది. వర్షాకాలంలో అరేబియా సముద్రం మీదా, పడమటి కనుమల మీదా లేచే పెద్ద మేఘాలలో ఈ ఎగుడుదిగుడు ఇంకా ఎక్కువ. వాన మేఘాలు విమానంలోని రాడార్‌లో కనిపిస్తాయి కాబట్టి పైలట్లు పక్కకు తప్పుకుంటారు. మేఘం లేని చోట వచ్చే కుదుపులను మాత్రం ఆ రాడార్ చూడలేదు. అందుకే గుర్తు ఆరిపోయినా బెల్టు ఉంచుకోమంటారు. గతుకుల రోడ్డు మీద డ్రైవరు బండిని నెమ్మది చేసినట్టే, కుదుపుల్లో పైలట్లు కూడా వేగాన్ని తగ్గిస్తారు.

రెక్కలు ఊగడం చూసి మా బాబు విరిగిపోతాయేమో అని అడిగాడు. ఊగడానికే వాటిని అలా చేశారు. 1995లో బోయింగ్ 777 రెక్కలను నేల మీద యంత్రాలతో పైకి వంచి పరీక్షించారు. అవి 24 అడుగుల దాకా వంగాయి. ఎగిరేటప్పుడు రాగల అత్యధిక భారం అని లెక్క వేసినదానికి ఒకటిన్నర రెట్లు దాటిన తరువాతే విరిగాయి.

అలాగని ఇక కుదుపులే ఉండవని పిల్లలకు చెప్పలేదు. 2023లో ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం వారు ఉత్తర అట్లాంటిక్ మీద మేఘాలు లేని చోట వచ్చే తీవ్రమైన కుదుపులు 1979తో పోలిస్తే 2020 నాటికి 55 శాతం పెరిగాయని తేల్చారు. భూమి వేడెక్కడమే దీనికి కారణమని వారి అభిప్రాయం. మన పిల్లలు మనకంటే ఎక్కువ విమానాలు ఎక్కుతారు. వాళ్ళకు ధైర్యంతో పాటు బెల్టు అలవాటు కూడా ఇవ్వాలి.

చివరగా ఊరికి ఫోన్ చేసి అమ్మకు ఉన్నమాట చెప్పాము. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "భయమైతే భయమని చెప్పాల గానీ, టిక్కెట్లు ప్రియమని చెప్తారా? గువ్వలచెరువు ఘాట్లో బస్సు ఊగుతాంటే నాకు మాత్రం భయం కాదా? ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంటా. దిగిపోతే పుట్టింటికి ఎట్ల పోయేది?" అంది.

జూలైలో రాత్రి విమానం ఎక్కాము. వెనక సీట్లలో కుదుపు ఎక్కువగా తెలుస్తుందని, రెక్కల దగ్గర సీట్లు ముందుగానే అడిగి తీసుకున్నాము. సగం నీళ్ళున్న సీసా ఒకటి ముందు బల్ల మీద పెట్టాము. అనుకున్నట్టే, భారతదేశం తీరం దగ్గర పడేసరికి కుదుపులు మొదలయ్యాయి. కడుపులో మళ్ళీ అదే ఖాళీ, అరచేతుల్లో అదే చెమట. సీసాలో నీళ్ళు చూశాము. మేము పాతాళానికి పోతున్నామని అనుకుంటుంటే నీళ్ళు కొద్దిగా మాత్రమే అటూ ఇటూ కదులుతున్నాయి.

అప్పుడు పాప, బడిలో నేర్చుకున్న అరవై తెలుగు సంవత్సరాల పేర్లు చెబుదామంది. ఒక్కో పేరుకు ఒక్కసారి నెమ్మదిగా ఊపిరి వదలాలని నియమం పెట్టింది. ప్రభవ, విభవ, శుక్ల... మేము ఎక్కడో ప్రమాథి దగ్గర తప్పిపోతే తనే అందించింది. ముప్పై ఎనిమిదోది క్రోధి. "ఇదే ఇప్పటి సంవత్సరం!" అన్నాడు బాబు. అక్షయ దాకా వచ్చినా కుదుపులు ఆగలేదు. మళ్ళీ ప్రభవ నుంచి మొదలుపెట్టాము. రెండోసారి సగానికి రాకముందే బాబు నిద్రపోయాడు. కుదుపులు ఎప్పుడు ఆగాయో మేము సరిగా గమనించలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాము. అమ్మ మా కోసం గడ్డిలో మాగబెట్టిన నీలం మామిడి పండ్లు బయటికి తీసింది. రెండేళ్ళలో ఆమె నడుము ఇంకా వంగింది. ఫోనులో ముఖం ఒక్కటే కనబడుతుంది కాబట్టి మాకు ఆ సంగతి తెలియనే లేదు.

మాకు భయం పూర్తిగా పోయిందని చెప్పము. ఇప్పటికీ బెల్టు గుర్తు వెలిగితే గుండె ఒకసారి జారుతుంది. కానీ ఆ భయానికి వేరే పేర్లు పెట్టడం మానేశాము. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. భయం ఉంటే పిల్లల దగ్గర దాచకండి, కారణం తెలుసుకుని వాళ్ళతో కలిసి చదవండి, కూర్చున్నంతసేపూ బెల్టు ఉంచుకోండి, ఊరికి వెళ్ళడం మాత్రం మానకండి. పిల్లలూ, అరవై పేర్లూ బాగా నేర్చుకోండి, మీ అమ్మానాన్నలకు పనికొస్తాయి.

సెలవుల తరువాత మా పాప ఎవరూ అడగకుండానే 'మా అవ్వ' మళ్ళీ రాసింది. మొదటి వాక్యం ఇది: "మా అవ్వ చేతులు గరుకుగా ఉంటాయి."

మీ అందరి ప్రయాణాలూ సుఖంగా సాగాలని కోరుకుంటూ, సెలవు.