లాంతరు వెలుగులో నాన్న

చీకట్లో ఫొటో తీయాలి. ఫ్లాష్ వాడకూడదు. కెమెరా పాత రీలుది. లెన్స్ కన్ను ఎంత పెద్దదైతే ఫొటో అంత బాగా వస్తుందనుకున్నాడతను. ఓ ఫిబ్రవరి రాత్రి మిర్చి కల్లంలో మూడు లెన్సులతో ప్రయత్నించాక గానీ అసలు సంగతి తెలియలేదు!

పాత ప్రకాశం జిల్లా పర్చూరు దగ్గర ఓ నల్లరేగడి చేను. పగలంతా ఎండబెట్టిన మిరపకాయల్ని సాయంత్రానికి పోగుచేసి పట్టాలు కప్పేశారు. మంచు పడితే కాయ రంగు దెబ్బతింటుంది. దొంగల భయం ఉండనే ఉంది. అందుకే కోతలు మొదలైనప్పటినుంచీ ఆ రైతు పడక కల్లంలోనే. నలభై ఏళ్లుగా అదే అలవాటు. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. శుక్లాల ఆపరేషన్ అయింది. మోకాళ్లు మాట వినడం లేదు. ‘వచ్చే ఏడు కౌలుకిచ్చేద్దామబ్బాయ్, ఇంక నావల్ల కాదు’ అని సంక్రాంతికే కొడుక్కి చెప్పేశాడు.

కొడుకు గుంటూరులో బ్యాంకు ఉద్యోగి. ఫొటోలంటే పిచ్చి. ఆ మాట విన్నప్పుడు అతనికి తట్టిందొకటే... కల్లంలో నాన్న ఫొటో ఒక్కటీ లేదు! పెళ్లి ఆల్బమ్‌లో, పట్టాదారు పాస్‌పుస్తకంలో, ఆధార్ కార్డులో ఉన్నవన్నీ బిగుసుకున్న మొహాలే. ఫ్లాష్ వెలిగితే చాలు, ఆయన ఉలిక్కిపడి కళ్లు మూసేస్తాడు. సెల్‌ఫోన్‌తో తీస్తే అది రాత్రిని కాస్తా పట్టపగలు చేసేసింది. లాంతరు పక్కన కూర్చుని తాలు కాయలు ఏరుకునే మనిషి అందులో ఎక్కడా కనిపించలేదు.

అందుకే అతను రేంజ్‌ఫైండర్ కెమెరాలను బయటికి తీశాడు.

అద్దం లేని కెమెరా

ఈ కెమెరాలో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు, దాని పైనున్న చిన్న కిటికీలోంచి. కిటికీ మధ్య ఓ మచ్చలో మనిషి రెండుగా కనిపిస్తాడు. రింగు తిప్పుతూపోతే ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి. అంతే, ఫోకస్ కుదిరినట్టే. లోపల ఎగిరిపడే అద్దం ఉండదు కాబట్టి చప్పుడూ కుదుపూ తక్కువ. చెయ్యి స్థిమితంగా ఉంటే సెకనులో పదిహేనో వంతు వేగంతోనూ స్టాండు లేకుండా ఫొటో తీయొచ్చు.

ఇక లెన్స్ సంగతి. 50 ఎం.ఎం. లెన్స్‌ను ‘స్టాండర్డ్’ అంటారు. దాని మీద ఉండే ఎఫ్ నంబరు చిన్న భాగహారమే. 50ని 2తో భాగిస్తే 25. అంటే ఎఫ్2 లెన్స్‌కు వెలుగు లోపలికొచ్చే ద్వారం 25 మిల్లీమీటర్లు. ఎఫ్1.4 అయితే దాదాపు 36. ద్వారం వైశాల్యం రెట్టింపవుతుంది, వెలుగూ రెట్టింపే. సెకనులో పదిహేనో వంతు పట్టే ఫొటో ముప్ఫయ్యో వంతులో వచ్చేస్తుంది.

ఆ వెలుగు కోసం జరిగిన పోటీ అంతా ఇంతా కాదు. 1925లో వచ్చిన తొలి లైకా కెమెరా లెన్స్ ఎఫ్3.5. 1932లో జైస్ కంపెనీ కాంటాక్స్ కెమెరాతోపాటు లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ లెన్సులు తెచ్చింది... ఎఫ్2, ఎఫ్1.5. మరుసటి ఏడాదే లైకా వాళ్లు ఎఫ్2 సమ్మార్‌తో జవాబిచ్చారు. నంబరు ఒకటే అయినా పనితనం ఒకటి కాదు. అప్పటికి గాజు మీద పూత లేదు. గాజు గాలికి తగిలే ప్రతిచోటా కొంత వెలుగు వెనక్కి కొట్టి బొమ్మను తెల్లబరిచేది. బెర్టెలె గాజుల్ని ఒకదానికొకటి అతికించి ఆ చోట్లు తగ్గించాడు. ఎదురుగా దీపం ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. తర్వాత లైకా 1953లో ఎఫ్2 సమ్మిక్రాన్, 1959లో ఎఫ్1.4 సమ్మిలక్స్ తెచ్చింది. 1961లో క్యానన్ ఏకంగా ఎఫ్0.95 దాకా వెళ్లిపోయింది!

అలాగని పెద్ద కన్నుంటేనే గొప్ప ఫొటోలు వస్తాయా? ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్‌కు ఫ్లాష్ గిట్టేది కాదు. దాదాపు జీవితమంతా 50 ఎం.ఎం.నే నమ్ముకున్నాడు. 1948లో గాంధీజీ అంతిమయాత్రను, 1950లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజుల్ని ప్రపంచానికి చూపించింది ఆయనే. సత్యజిత్ రే షూటింగుల్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీసిన నిమాయ్ ఘోష్ మొదలుపెట్టింది ఎవరో టాక్సీలో మరచిపోయిన క్యాననెట్ రేంజ్‌ఫైండర్‌తో. దాని లెన్స్ ఎఫ్1.7, అదీ మార్చడానికి వీల్లేనిది.

కల్లంలో మూడు కళ్లు

ఇవన్నీ చదివినవాడే అయినా అతనికి మాత్రం సమ్మిలక్స్ మీదే మనసు. హైదరాబాద్ స్నేహితుడి దగ్గర లైకాతో సహా మూడు రోజులకు అరువు తెచ్చాడు. తోడుగా తనవి రెండు. ఒకటి ఎఫ్1.7 లెన్స్ బిగించి ఉన్న యాషికా ఎలక్ట్రో 35. రెండోది రష్యా జోర్కి కెమెరాకు జూపిటర్-8, ఎఫ్2. యుద్ధం తర్వాత జైస్ డిజైన్లు సోవియట్ చేతికి వెళ్లాయి. జూపిటర్ ఆ సోనార్ సంతానమే. అతని రెండు కెమెరాలూ కలిపి కొన్ని వేలే. కొత్త సమ్మిలక్స్ అయితే లక్షల్లో ఉంటుంది.

మూడింటిలోనూ నలుపు తెలుపు రీళ్లు వేశాడు. మీటరున్నర దూరంలో కూర్చున్నాడు. నాన్న కాయను లాంతరు దగ్గర కంటికి ఆనించినట్టు పట్టుకుని చూసి, తాలైతే ఓ పక్కకు, మేలైతే ఓ పక్కకు వేస్తున్నాడు.

‘దీని ఖరీదెంతరా?’ అన్నాడు లైకాను చూసి.

‘లెన్స్ ఒక్కటే ఎకరం మిర్చి పెట్టుబడిని మించిపోతుంది నాన్నా.’

‘అంత పెట్టి చీకట్లో తీయడమెందుకు? పగలు రావచ్చుగా!’

ఆదివారం ఇంట్లోనే రీళ్లు కడిగాడు. యాషికా కెమెరా వేగాన్ని తనే నిర్ణయించుకుంటుంది. వెలుగు చాలక వేగం తగ్గితే పసుపు దీపం వెలుగుతుంది. కల్లంలో అది వెలుగుతూనే ఉంది. చుట్టూ ఉన్న చీకటిని చూసి అది షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచడంతో నాన్న అలికేసినట్టు వచ్చాడు. ఎఫ్1.4తో చెయ్యి కదలిక చక్కగా ఆగింది. లాంతరు మంట చుట్టూ మసకే లేదు. కానీ ఆ దూరంలో దానికి స్పష్టత ఉండేది బెత్తెడు మేర. కాయ స్పష్టంగా ఉంటే కళ్లు మసక, కళ్లు స్పష్టంగా ఉంటే కాయ మసక. కుక్క మొరిగితే నాన్న అటు తిరిగిన ఫొటోలో చెవి మాత్రం అద్భుతంగా వచ్చింది! ఎఫ్0.95 అయితే ఆ బెత్తెడు కూడా మిగలదు.

జూపిటర్‌తో తీసినవి చాలావరకు కదిలిపోయాయి. లాంతరు చుట్టూ వెలుగు కాస్త చెదిరింది. ఒక్కదాంట్లో మాత్రం నాన్న కాయను ఎత్తిపట్టి క్షణం ఆగాడు. ఎఫ్2 స్పష్టత మరో రెండు వేళ్లు ఎక్కువ. కాయా, కళ్లూ రెండూ అందులో ఇమిడిపోయాయి. సగం వెలుగు వదులుకుంటే దొరికింది ఆ రెండు వేళ్ల మేరే.

లైకాను స్నేహితుడికి తిరిగిచ్చేశాడు. ఆ ఒక్క ఫొటోను పెద్దది చేయించి ఊరికి తీసుకెళ్లాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. తన మొహాన్ని కాదు, చేతిలో ఉన్న కాయని. లాంతరు ఎర్రని వెలుగులో ఎర్రని కాయ నలుపు తెలుపు ఫిల్ముపై పాలిపోయినట్టు పడుతుంది మరి.

‘మేలైన కాయని తాలు చేసి చూపించావు గదరా!’ అన్నాడు.

అయినా ఆ ఫొటో ఇప్పుడు నడింట్లో గోడకుంది. చేను కౌలుకిచ్చేశారు. ఈ ఏడు కల్లంలో పడక కౌలురైతుది. పెద్దాయన మాత్రం పొద్దుగూకేవేళకు కర్ర పట్టుకుని అటే వెళ్తున్నాడు... పట్టాలు సరిగ్గా కప్పారో లేదో చూడటానికి!