గుర్రాల దగ్గర నేర్చుకున్నది, గ్రౌండ్‌లో పనికొచ్చింది

చింతలపూడిలో గుర్రపు స్వారీ నేర్పే చోటు లేదు. పెళ్ళి ఊరేగింపుకి అద్దెకు తెచ్చే తెల్ల గుర్రాన్ని వదిలేస్తే మా వైపు గుర్రం కనపడటమే తక్కువ. మరి మా ఊరి గురించి రాస్తూ గుర్రాలెందుకంటారా? ఒకే నేలని పదిమంది గొడవ పడకుండా ఎలా వాడుకోవచ్చో నేను మొదట చూసింది గుర్రాల దగ్గరే. ఆ పద్ధతి ఎంత అవసరమో తెలిసింది మాత్రం మా ఊరి గ్రౌండ్‌లో.

ముందు ఊరి సంగతి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేం పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి మారాం. ఏలూరు జిల్లా అంటే చాలామందికి కొల్లేరు, చేపల చెరువులు, ఆటపాక పక్షులే గుర్తొస్తాయి. మాది ఆ నీళ్ళ దేశం కాదండీ, మెట్ట. ఏలూరు నుంచి ధర్మాజీగూడెం మీదుగా ఉత్తరానికి వస్తుంటే వరి చేలు తగ్గుతూ ఎర్రనేల మొదలవుతుంది. మామిడి తోటలు, మొక్కజొన్న, పామాయిల్, దాని నీడలో కోకో. ఇంకాస్త ముందుకెళ్తే తెలంగాణ వచ్చేస్తుంది, సత్తుపల్లి. అందుకే మా మాటలో సగం గోదావరి, సగం ఖమ్మం వినిపిస్తాయి.

నేను ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. రోజంతా కుర్చీయే. 2023 సెప్టెంబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ టీమ్ గోల్డ్ కొట్టింది గుర్తుందా? గుర్రపు స్వారీలో ఇండియాకి గోల్డ్ రావడం 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత అదే. అంటే 41 ఏళ్ళకి. ఆ వారమంతా నా ఫోన్‌లో గుర్రాల వీడియోలే. ఆఫీసులో ఒకతను అప్పటికే ఊరి శివారులో నేర్చుకుంటున్నాడు. "ఒక్క ఆదివారం వచ్చి చూడు" అన్నాడు. వెళ్ళాను, అలవాటైపోయింది.

అరీనాలో ట్రాఫిక్

అరీనా అంటే పెద్ద స్టేడియం ఊహించుకోకండి. చుట్టూ కంచె, లోపల ఇసుక. పోటీలకి వాడే డ్రెస్సాజ్ అరీనా 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. మేం నేర్చుకునేది అంతకంటే చిన్నది, 40 బై 20. ఆదివారం పొద్దున అందులో ఆరేడు గుర్రాలు తిరుగుతాయి. ఒక్కోటి నాలుగైదు వందల కిలోలు. ఒకటి నడుస్తుంటుంది, ఒకటి ట్రాట్‌లో, ఇంకొకటి కాంటర్‌లో. పైన కూర్చున్నవాళ్ళలో పదేళ్ళ పాప ఉంటుంది, పదిహేనేళ్ళుగా స్వారీ చేస్తున్న పెద్దాయనా ఉంటాడు.

పైగా గుర్రం భయస్తురాలు. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా వెనక, ముక్కు ముందు మాత్రం కనపడదు. వెనక నుంచి సడన్‌గా ఏదన్నా వస్తే ముందు పరిగెడుతుంది, లేదంటే తంతుంది. అక్కడి సయీసు నాకు మొదటి రోజే చెప్పిన మాట: "ఘోడే కే పీఛే, అఫ్సర్ కే ఆగే నహీ చల్నా." గుర్రం వెనకా, ఆఫీసర్ ముందూ నడవకూడదట. రెండోది మనకి ఆఫీసులో ఎలాగూ తెలుసు.

అందుకే అక్కడ కొన్ని పద్ధతులున్నాయి. లోపలికి వచ్చేముందు గేటు దగ్గర ఆగి "డోర్" అని అరవాలి. లోపలున్నవాళ్ళు సరే అన్నాకే తీయాలి. ఎదురెదురుగా వస్తే ఎడమ భుజం ఎడమ భుజం పక్కగా దాటాలి. ఇది మనకి తికమక. మన రోడ్డు మీద ఎడమ పక్కన వెళ్తాం కదా, ఎదుటి బండి మన కుడి వైపు నుంచి పోతుంది. ఇక్కడ రివర్స్. నిదానంగా నడిపేవాళ్ళు కంచె పక్కనున్న ట్రాక్ వదిలేసి లోపలికి జరగాలి. ముందు గుర్రానికీ మన గుర్రానికీ మధ్య కనీసం ఒక గుర్రం పట్టేంత ఖాళీ ఉండాలి. తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది తన్నే గుర్రం, ఇంకా దూరం. ఎక్కాలన్నా, దిగాలన్నా, జీను పట్టీ బిగించుకోవాలన్నా మధ్యలోకి వెళ్ళి చేసుకోవాలి, ట్రాక్ మీద ఆగకూడదు. ఎవరైనా పడితే అందరూ ఆగాలి. మన గుర్రం లద్దె వేస్తే తీయించే బాధ్యత మనదే.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నోరు. దాటబోయే ముందు "ట్రాక్", గుండ్రంగా తిప్పబోతే "సర్కిల్" అని గట్టిగా చెప్పాలి. మనం ఎటు వెళ్తున్నామో పక్కవాడు ఊహించుకోవాల్సిన పని ఉండకూడదు.

చిరాకు తెప్పించేవాళ్ళు

పద్ధతులున్నాయి కదా అని అంతా పాటిస్తారనుకోకండి. ట్రాక్ మధ్యలో గుర్రాన్ని ఆపి రీల్ తీయించుకునే అబ్బాయి ఉంటాడు. ఇద్దరు ఫ్రెండ్స్ పక్కపక్కనే నడుపుతూ వారం కబుర్లన్నీ చెప్పుకుంటారు, వెనక నలుగురు లైన్ కడతారు. కంచె మీద కండువా ఆరేసి వెళ్ళే పేరెంట్ ఉంటారు, అది గాలికి ఎగరగానే గుర్రాలన్నీ బెదురుతాయి. సొంత గుర్రం ఉన్న కొందరికి మాలాంటి నేర్చుకునేవాళ్ళు స్పీడ్ బ్రేకర్ల లెక్క.

ఒక ఆదివారం నేను ట్రాట్‌లో మూల తిరుగుతున్నాను. వెనక నుంచి ఒకాయన కాంటర్‌లో వచ్చి, చప్పుడు చేయకుండా, నాకూ కంచెకీ మధ్య సందులోంచి దూరాడు. నా గుర్రం ఎగిరి పక్కకి దూకింది. ఒక రికాబు జారిపోయింది. జూలు పట్టుకుని ఎలాగో వేలాడాను, పడలేదు. ట్రైనర్ చెయ్యెత్తితే అందరూ ఆగారు. ఆయన ఎన్నేళ్ళ నుంచి స్వారీ చేస్తున్నాడు, గుర్రం ఎవరిది, నేను ఎన్నో క్లాసు, ఇవేవీ ట్రైనర్ అడగలేదు. ఆయన్ని అడిగింది ఒక్కటే: "చెప్పారా?"

"లేదు."

"మధ్యలోకి వెళ్ళి ఐదు నిమిషాలు నిలబడండి."

అంత సీనియర్, మారుమాట్లాడకుండా వెళ్ళి నిలబడ్డాడు. తర్వాత వచ్చి నాకు సారీ చెప్పాడు. ఎవరు పెద్ద, ఎవరు ముందొచ్చారు, ఎవరు డబ్బు ఎక్కువ కట్టారు అన్న లెక్క అక్కడ నడవకపోవడం నాకు బాగా నచ్చింది. ఎందుకంటే నేను పెరిగిన గ్రౌండ్‌లో నడిచేది ఆ లెక్కే.

ఇక మా గ్రౌండ్

2024 దసరాకి ఇంటికి వెళ్ళాను. మా పిన్ని కూతురు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతోంది. ఆ నోటిఫికేషన్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకి వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయింది. పాసైనవాళ్ళకి ఫిజికల్ టెస్టులు మొదలైంది 2024 డిసెంబర్ చివర్లో. మధ్యలో దాదాపు రెండేళ్ళు. ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా, 1600 మీటర్ల పరుగుకి ఒంటిని రెండేళ్ళు రెడీగా ఉంచుకోవాలి. ఉద్యోగం లేని ఇంట్లో అదేం చిన్న విషయం కాదు.

పరిగెత్తడానికి ఉన్నది ఒక్క గ్రౌండ్. సింథటిక్ ట్రాక్‌లాంటివేం లేవు, నడిచి నడిచి అరిగిన ఎర్రమట్టి దారి. ఐదు రౌండ్లూ ఇంకో చిన్న ముక్కా తిరిగితే 1600 అవుతుంది. తెల్లారి ఐదున్నరకి అక్కడ ఎవరెవరుంటారో చెప్తాను. రిటైరైన మాస్టార్లు ఐదుగురు, ఒకే వరసలో, దారి మొత్తం నింపేసి నడుస్తారు. మూడు క్రికెట్ బ్యాచ్‌లు, ఒకరి పిచ్ మీద ఇంకొకరి ఫీల్డర్లు, అందరికీ బౌండరీ ఆ పరుగు దారే. ఒక మూల వాలీబాల్. ఇంకో మూల కారు నేర్చుకునే అంకుల్. మధ్యలో ఎవరివో రెండు గేదెలు. సంక్రాంతి టోర్నమెంట్ దగ్గర పడితే మిగతావాళ్ళకి చోటే ఉండదు.

"ప్రతి రౌండ్‌లో నాలుగుసార్లు ఆగాలి అన్నయ్యా. నా టైమింగ్ ఎంతో నాకే తెలీట్లేదు" అంది.

అందుకే గ్రౌండ్ మానేసి సత్తుపల్లి రోడ్డు ఎక్కింది. చీకట్లో, లారీలు పోతుండగా. వెనకాల బాబాయ్ స్కూటీ మీద హెడ్‌లైట్ వేసుకుని మెల్లగా వచ్చేవాడు. రోజూ ఆయన వెళ్ళగలడా? పొలం పనులున్న రోజు ఆమె పరుగూ లేదు. గ్రౌండ్‌లో అబ్బాయిలని ఎవరూ రోడ్డు మీదకి నెట్టలేదు, అడ్డొస్తే వాళ్ళు గట్టిగా అరుస్తారు. ఆమె అరిస్తే మాత్రం "ఎవరమ్మాయే, నోరు బానే ఉందే" అంటారు.

నేను ఆమెకి అరీనా సంగతి చెప్పాను. గుర్రాలకున్నంత మర్యాద మనకి లేదా అని నవ్వింది. మర్నాడు మాత్రం గ్రౌండ్‌కే వెళ్ళింది. మాస్టార్లకి ఇరవై అడుగుల వెనక నుంచే "మాస్టారూ, ట్రాక్!" అని ఒక్క కేక. ఆయన ఉలిక్కిపడి పక్కకి జరిగారు. క్రికెట్ కుర్రాళ్ళు ఆ రోజంతా "ట్రాక్, ట్రాక్" అని వెక్కిరించారు. రెండో రోజూ అంతే. నాలుగో రోజుకి మాస్టార్లు కేక వినగానే వెనక్కి చూడకుండానే బయటి వైపుకి జరగడం మొదలెట్టారు. అరీనాలో నిదానంగా వెళ్ళేవాళ్ళు లోపలికి జరుగుతారు, ఇక్కడ బయటికి. ఏ వైపు అన్నది పెద్ద విషయం కాదు, అందరికీ ఒకటే వైపు అయితే చాలు.

క్రికెట్ దగ్గర మాత్రం కేక పని చేయలేదు. బంతికి కేక వినపడదు కదా. ఒక బ్యాచ్‌కి కెప్టెన్ నా ఇంటర్ క్లాస్‌మేట్. టీ కొట్టు దగ్గర కదిలిస్తే తన బాధ చెప్పాడు. "ఆదివారం ఒక్కటేరా మాకు. మిగతా రోజుల్లో ఒకడు సెల్ షాపు, ఇద్దరు పామాయిల్ గెలల కోతకి పోతారు. మేం ఎక్కడ ఆడాలి?" అతనిదీ న్యాయమే. టర్ఫ్ అద్దెకి తీసుకుని ఆడే డబ్బు ఇక్కడ ఎవరి దగ్గర ఉంది?

చివరికి కుదిరింది ఇది. మామూలు రోజుల్లో ఆరున్నర దాకా రన్నర్లు ఉన్నంతసేపు పిచ్‌ని అడ్డంగా తిప్పి ఆడతారు, గట్టి షాట్ పరుగు దారి మీదకి రాకుండా. ఆదివారం రన్నర్లు ఆరుకల్లా ముగించి గ్రౌండ్ వదిలేస్తారు. కాగితం లేదు, కమిటీ లేదు. మాస్టార్లలో ఒకాయన మాత్రం రోజూ విజిల్ తెచ్చేవారు. దారి మీద ఎవరైనా నిలబడి ఫోన్ చూస్తుంటే ఒకటి ఊదేవారు. మా ఊరికి దొరికిన ట్రైనర్ ఆయనే.

మిగిలినవి

అన్నీ సర్దుకోలేదు. కారు అంకుల్ ఎవరి మాటా వినడు, గేదెలు అసలే వినవు. అమ్మాయి గట్టిగా మాట్లాడితే వచ్చే కామెంట్లు తగ్గాయి గానీ ఆగలేదు. దానికి ట్రాక్ రూల్ సరిపోదు, ఇంట్లోంచి రావాలి ఆ బుద్ధి. కానీ ఆ సీజన్‌లో మా చెల్లిని చూసి ఇంకో ముగ్గురు అమ్మాయిలు రోడ్డు వదిలి గ్రౌండ్‌లోకి వచ్చారు. బాబాయ్‌కి పొద్దున పూట స్కూటీ పెట్రోల్ మిగిలింది.

మా చెల్లి పరుగు పాసైంది. 2025 జూన్‌లో మెయిన్స్ రాసింది, కొద్ది మార్కుల్లో పోయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మళ్ళీ గ్రౌండ్‌కి వెళ్ళింది, ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడో రాకపోతుందా అని.

మీది చింతలపూడి కాకపోవచ్చు. మీ అపార్ట్‌మెంట్ కింద షటిల్ కోర్టు, మీ జిమ్‌లో ఉన్న ఒక్క ట్రెడ్‌మిల్, మీ ఊరి చెరువు గట్టు, ఏదైనా కావచ్చు. రేపు అక్కడ ఎవరితోనైనా గొడవొస్తే, ముందు ఎవరు వచ్చారు అని మొదలెట్టకండి. మీరు చేయబోయేది పక్కవాళ్ళకి వినపడేలా చెప్పారా లేదా చూసుకోండి. వాళ్ళనీ అదే అడగండి.

మొన్న ఫోన్ చేస్తే మా చెల్లి చెప్పింది, ఇప్పుడు కొత్తగా షటిల్ వాళ్ళు వచ్చారట, నెట్ సరిగ్గా పరుగు దారికి అడ్డంగా కట్టారట. "చెప్పావా?" అన్నాను. "రేపు పొద్దున చెప్తా, మాస్టారు విజిల్ కూడా తెస్తానన్నారు" అంది.