గూఢచారి చిత్రమునకు దర్శకుని యెన్నిక

చలనచిత్రములను గూర్చి పాఠశాలా పత్రికలో వ్రాయుట తగునా యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. అందును తుపాకి పట్టిన గూఢచారిని గూర్చి! అయినను మా సహాధ్యాయులలో జేమ్సు బాండు పేరు నెఱుగనివారు లేరు; వారి తండ్రులలోను లేరు. అందఱు నెఱిగినదానిని గూర్చి మౌనము వహించుటకంటె దానిని పరిశీలించుటయే మేలని మాకు తోచినది. 1962వ సంవత్సరమున "డాక్టర్ నో"తో నారంభమైన యీ చిత్రపరంపర 2021 నాటికి 25 చిత్రములకు పెరిగినది. నాయకపాత్రను ధరించినవారు ఆఱుగురు. వారిలో నెవరు గొప్పవారని జనులు వాదులాడుచుందురు. మా యభిప్రాయమున అసలైన యెన్నిక నటునిది కాదు, దర్శకునిది.

మొదటి దర్శకుడు టెరెన్సు యంగు. షాన్ కానరీ ఎడింబరో నగరమున పేదయింట పుట్టి, పాలబండి తోలి బ్రదికినవాడు. యంగుగారు ఆయనను తన దర్జీయొద్దకు గొనిపోయి దుస్తులు కుట్టించి, నడకయు, మాటయు, నలుగురిలో మెలగు తీరును నేర్పిరని ప్రసిద్ధి. ఆ మీదట 1964లో "గోల్డ్‌ఫింగర్" చిత్రమునకు గై హామిల్టనుగారు వచ్చిరి. ఆ చిత్రారంభమున నాయకుడు రాత్రివేళ నీటినుండి వెలువడి, మందుపాతర నమర్చి, తడి యుడుపును విప్పగా లోపల నలగని తెల్లకోటు కనబడును. దాని గుండీకాజాలో ఒక యెఱ్ఱని పువ్వును గ్రుచ్చుకొని యాతడు విందుశాలకు బోవును. ప్రేక్షకులు నవ్విరి, లోకమంతయు ఆ నవ్వునే కోరినది. మన కృష్ణగారు 1966లో "గూఢచారి 116"గా వచ్చినపుడు మన తెలుగువారికి సంక్రమించినదియు ఈ విలాసమే.

మా పెదనాన్నగారికి ఈ చిత్రములన్నియు కంఠస్థములు. గత వేసవి సెలవులలో ఆయన వీనిని వరుసగా మాకు చూపించిరి. మా తల్లిగారు వంటయింటినుండి వచ్చుచు పోవుచు చూచుచుండిరి. మూడవ చిత్రమో నాల్గవ చిత్రమో నడచుచుండగా ఆమె, "బావగారూ, వీనికి నావారను వారెవరును లేరా? ఇందఱిని చంపుచున్నాడే, ఒక్కని కొఱకైనను కంట తడి పెట్టడేమి?" యని యడిగిరి. పెదనాన్నగారు నవ్వి, "అమ్మా, ఇది వినోదము" అనిరి. ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు. చంపుటకు ప్రభుత్వపు టనుమతి గలవాని కథలో మరణమునకు బరువుండవలెనా, వలదా? శైలిని ఎన్నుకొనుట యనగా మా దృష్టిలో నిదియే. వాహనములును, పరికరములును తరువాతి మాట.

ఒక్క దర్శకుడు బరువుండవలెననెను. పీటర్ హంటుగారు మొదటి చిత్రములకు కూర్పరి. చిత్రములను కత్తిరించి యతికించు గదిలో కూర్చుండి ఆ పరంపరకు దాని వేగమునిచ్చినవా డాయనయే. 1969లో "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్"ను ఆయన చేతికిచ్చిరి. ఆయన ఫ్లెమింగుగారి నవలను దాదాపుగా విడువక తీసిరి. నాయకుడు పెండ్లియాడును. పెండ్లియైన కొన్ని గడియలకే దారిప్రక్కన నాగిన కారులో, శత్రువుల గుండు దెబ్బకు భార్య మరణించును. ఆమె తల నొడిలో నుంచుకొని, వచ్చిన పోలీసు బంట్రోతుతో ఆమె విశ్రమించుచున్నదని యాతడు చెప్పును. చిత్రమంతటితో సరి. మా తల్లిగారు గరిట చేతబట్టుకొని నిలుచుండిపోయిరి.

నిర్మాతలు భయపడిరి కాబోలు. 1971లో కానరీని తిరిగి పిలిచిరి, హామిల్టనును పిలిచిరి, నవ్వును పిలిచిరి. చనిపోయిన యా యిల్లాలి పేరును ఎవ్వరును తలవరైరి. పీటర్ హంటుగారు మరల ఈ పరంపరలో చిత్రమునకు దర్శకత్వము వహింపలేదు. ఆ తరువాతి దశాబ్దమంతయు వేడుకయే. 1977లో "స్టార్ వార్స్" విజయమును జూచి 1979లో గూఢచారిని అంతరిక్షమునకే పంపిరి. దానిని గూర్చి విస్తరింపము.

జాన్ గ్లెనుగారి కథ మాత్రము చెప్పవలసినది. 1969 నాటి యా చిత్రమునకు కూర్పరి యీయనయే. 1981 మొదలు 1989 వఱకు వరుసగా అయిదు చిత్రములకు దర్శకత్వము వహించిరి. ఆ మొదటి చిత్రము ఎట్లారంభమగును? నాయకుడు శ్మశానవాటికలో భార్య సమాధిపై పూలుంచుటతో. పండ్రెండేండ్లకు ఒకరికి ఆమె జ్ఞప్తికి వచ్చినది! అట్టి గ్లెనుగారే 1983లో "ఆక్టోపసీ" కొఱకు ఉదయపురమునకు వచ్చి, మన వీథులను పాములవాండ్రతోను, మేకుల పాన్పులతోను, నిప్పుల గుండములతోను నింపిరి. సమాధియొద్ద అంత మెలకువ చూపినవాడు మన దేశమును సంతగా చూపెనేమని మాకు కష్టము తోచినది. పెదనాన్నగారికి అదియే మిక్కిలి ప్రీతిపాత్రమైన చిత్రము. అందు మన విజయ్ అమృతరాజుగారు నటించిరట!

దర్శకుడే సర్వమనుటకును వీలులేదు. 2002 నాటి చిత్రమున కంటికి కనబడని కారును, మంచుతో గట్టిన మేడయు గలవు. అప్పటివఱకు వచ్చిన వానిలో నదియే యెక్కువ ధన మార్జించెను. అయినను నిర్మాతలైన బార్బరా బ్రాకలీ, మైకేల్ విల్సనుగారలు ఆ మార్గమును విడిచిరి. లాభము వచ్చుచున్న దారిని విడుచుట వ్యాపారులకు సులభము కాదు. ఇందుకు వారిని మెచ్చుకొనక తప్పదు. 1995లో పరంపరను తిరిగి నిలబెట్టిన మార్టిన్ క్యాంప్‌బెల్‌గారినే మరల పిలిచి, 2006లో "కేసినో రాయేల్" తీయించిరి. మొదటిసారి వేడుకను కోరగా ఆయన వేడుక నిచ్చెను. రెండవసారి బరువును కోరగా బరువు నిచ్చెను. మెట్లపై ఇద్దఱిని చంపిన తరువాత, ఆ దృశ్యమును జూచి వణకుచు కట్టుబట్టలతోనే నీటిధార క్రింద కూర్చున్న యువతి ప్రక్కన నాయకుడును మాటలాడక కూర్చుండును. మా తల్లిగారి ప్రశ్నకు ఇన్నేండ్లకు దొరికిన ప్రత్యుత్తర మది యని మేము తలచుచున్నాము.

ఇపుడా పరంపర చేతులు మారినది. 2025 ఫిబ్రవరిలో కళావిషయములపై పెత్తనము బ్రాకలీ కుటుంబమునుండి అమెజాన్ సంస్థకు పోయెను. జూన్ నెలలో రాబోవు చిత్రమునకు కెనడా దేశీయుడైన డెనీ విల్నూవ్‌గారిని దర్శకునిగా ప్రకటించిరి. బాల్యమున తండ్రితో గూడి ఆ చిత్రములను చూచితినని ఆయన చెప్పుకొనిరి. 2021లోను 2024లోను "డ్యూన్" కథను రెండు చిత్రములుగా తీసినవా రీయన. ఆ యెడారులలోని నిశ్శబ్దమును చూచినవారికి, మరణమునకు బరువిచ్చుటలో ఈయన వెనుదీయడని నమ్మకము కలుగును. మేమును సంతసించితిమి. అయితే పెదనాన్నగారి యాక్షేపణ మొకటి కలదు. దానికి మావద్ద సమాధానము లేదు. విల్నూవ్‌గారి చిత్రములలో నవ్వు మిక్కిలి యరుదు. పరంపర అఱువదియేండ్లు నిలిచినది ఒక్క కన్నీటివలన కాదు, ఆ తెల్లకోటువలనను నిలిచినది. కోటు గుండీలోని యా యెఱ్ఱని పువ్వును ఈయన యుంచునో, తీసివేయునో చూడవలసియున్నది.