పక్క కొప్పు పెడితే అణకువ పోతుందా?

మాది పాడేరు వైపు కొండ ఊరు. హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు.

క్రిస్మస్‌కి ఊరెళ్తే చర్చి పెద్దలు ఒక మాటన్నారు. పక్క కొప్పు, పువ్వులు పాత ఆచారమట, విశ్వాసులకి తగదట. మా నాయనమ్మకి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ కొప్పే. ఆముదం రాసి, జుట్టంతా చెవి పక్కకి తెచ్చి ముడేస్తుంది. పక్కకి ఉంటేనే కదా నెత్తిమీద బిందె నిలిచేది! ఆ రోజు అక్కడే కొప్పు విప్పేసి, ఏం మాట్లాడకుండా వెనక కూర్చుంది.

నేను ఆ వాక్యాలు తీసి చదివాను. మొదటి తిమోతి 2:9లో జడల మాట ఉంది, నిజమే. దాని పక్కనే బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు కూడా ఉన్నాయి. తిమోతి అప్పుడు ఎఫెసులో ఉన్నాడు, అది డబ్బున్న రేవు పట్టణం. కలిమిని తలమీద చూపించుకునే వాళ్లకి చెప్పిన మాట అది. నాయనమ్మ కొప్పులో ఉన్నది ఒక పిన్ను, పెరట్లో బంతిపువ్వు. ప్రార్థనలో తల కప్పుకోమని మొదటి కొరింథీ 11లో ఉంది. కొప్పు మీద కొంగు ఆమె ఎప్పుడూ కప్పుకుంటుంది.

పట్నంలో వేలు పోసి జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకొచ్చిన వాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దల దగ్గర కూర్చుని ఇదే అడుగుతాను. మీ ఊళ్లలో కొప్పుతో చర్చికొచ్చే అవ్వలు ఉన్నారా? వాళ్లనేమంటున్నారో రాయండి.