రెండు చుక్కలు

శంషాబాదు పేరు వినగానే నేటి బాలురకు విమానములు జ్ఞప్తికి వచ్చును. 2008వ సంవత్సరము మార్చి నెలలో అచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. దానికి కేటాయించిన భూమి సుమారు 5,500 ఎకరములు. నాకు మాత్రము ఆ పేరు వినగానే ఒక బావిగట్టు, దానిపై తాటాకుల పాక, పాకలో నల్లని ఆయిలు ఇంజను కన్నుల ఎదుట నిలుచును.

అది మా పెద్దనాయన ఇంజను. 1978వ సంవత్సరపు వేసవిలో ఒకనాడు అది పొగ గ్రక్కి, బలము తగ్గి, ఆగిపోయెను. తోటలో వంగ, బెండ పూత మీద నుండెను. నాలుగు దినములు తడి లేకున్న తోట దక్కదు. ఊరిలోని ముసలి మేస్త్రి వచ్చి ఇంజనును విప్పసాగెను. నాకు బడి సెలవులగుటచే ఆయనకు చేతిసాయముగా నిలిచితిని.

డీసెల్ ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ డీసెల్ 1897లో ఇట్టి యంత్రమును జయప్రదముగ నడిపి చూపెను. మా ఇంజనులో పిస్టను మొదట దిగుచు గాలిని పీల్చును. పిమ్మట పైకెక్కుచు దానిని అదుమును. అదుముటచే గాలి మిక్కిలి వేడెక్కును. అందు చిమ్మిన నూనె తనంతట మండి పిస్టనును క్రిందికి త్రోయును. చివరకు పిస్టను మరల పైకి వచ్చుచు పొగను వెడలగొట్టును. గాలి వచ్చుటకొకటి, పొగ పోవుటకొకటి చొప్పున రెండు వాల్వులు కలవు. వానిని వేళ తప్పక తెరచునది క్యాం షాఫ్టు. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగిన అది ఒక చుట్టు తిరుగును. మా ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగునది. అనగా ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 325 మారులు తెరచి మూసికొనవలెను.

ఈ రెండు షాఫ్టులను కలుపునవి పళ్ల చక్రములు. వానిపై పూర్వము కొట్టిన చుక్కలు అరిగి కనబడకుండెను. “విప్పుటకు ముందే క్రొత్త గుర్తు పెట్టుము, బిడ్డా!” అని మేస్త్రి నాతో చెప్పి, బుషులు తెచ్చుటకు పోయెను. నేను తొందరలో గుర్తు పెట్టకయే చక్రమును ఊడలాగితిని. సాయంకాలము తోచిన చోట దానిని బిగించితిని.

“గుర్తులు కలిసినవా?” అని ఆయన అడిగెను.

“కలిసినవి, తాతా!” అంటిని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఆయన ఇంజను త్రిప్పుటకు హ్యాండిలు చేతబట్టెను. నేను అడ్డుపడి జరిగినదంతయు చెప్పితిని.

ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “నిన్ననే చెప్పియుండిన ఒక గంట పోయెడిది. నేడు చెప్పితివి గనుక మూడు గంటలు పోవును. చెప్పకున్నచో ఏమి పోయెడిదో నేను చెప్పజాలను. రెండు మూడు పళ్లు తప్పిన పిస్టను వాల్వును కొట్టి వంచును” అనెను.

ముందుగా నేను బిగించిన తీరును సుద్దతో గుర్తించి, హెడ్డు విప్పెను. పిస్టను మిక్కిలి పైకి చేరిన తావును కంటితో గుర్తింపరాదు. అచ్చట అది క్షణకాలము నిలిచినట్లే తోచును. అందుచే సిలిండరుపై ఒక ఇనుప పట్టీని అడ్డముగ బిగించి, దానికి బోల్టు దింపి, పిస్టను కొంచెము క్రిందనే ఆగునట్లు చేసెను. ఫ్లైవీలును ఒకవైపు త్రిప్పి, ఆగినచోట గీత గీసెను. రెండవవైపు త్రిప్పి మరియొక గీత గీసెను. ఆ రెండింటి నడిమి చోటే అసలైన పైకొన.

పట్టీని తీసి, పిస్టనును పైకొనకు చేర్చెను. పొగవాల్వు ట్యాపెట్ దాదాపు దిగిపోవుచు, గాలివాల్వు ట్యాపెట్ అప్పుడే లేవనారంభించునట్లు క్యాం షాఫ్టును నిలిపి, చక్రములను కలిపెను. హెడ్డు బిగించి, వాల్వుల సందు సరిచేసి, ఒక పలుచని కాగితమును వాల్వు కాండమునకును రాకరునకును నడుమ దూర్చెను. ఫ్లైవీలును మెల్లగా చేతితో త్రిప్పెను. కాగితము బిగిసిన క్షణమే వాల్వు తెరచుకొను క్షణము. అది ఇంజను పుస్తకములోని డిగ్రీలకు సరిపోయెను.

నేను చేసిన తప్పు ఒక్క పన్ను. చక్రమునకు 60 పళ్లు. ఒక పన్ను 6 డిగ్రీలు. క్రాంకు రెండింతలు తిరుగును గనుక అచ్చట 12 డిగ్రీలు. ఫ్లైవీలు చుట్టుకొలత 180 సెంటీమీటర్లు. కావున దానిపై ఆ తప్పు 6 సెంటీమీటర్లు. మేస్త్రి ఆ దూరమును సుద్దతో గీసి చూపెను. వాల్వు వంగకపోయినను, ఇంజను మరల నల్లని పొగయే గ్రక్కెడిదని చెప్పెను.

మధ్యాహ్నమునకు ముందే ఇంజను నడచెను. కాలువలో నీరు పారెను. అంతకుముందు, మూత బిగించునపుడు, మేస్త్రి సుత్తియు పంచును నా చేతికిచ్చి, కలిసిన పళ్లపై రెండు చుక్కలు కొట్టించెను.

“ఇవి నీ కొఱకు కాదు, బిడ్డా! రేపు దీనిని విప్పువాని కొఱకు” అనెను.

నేడు ఆ విమానాశ్రయపు ఆవరణలోనే విమానములను విప్పి బాగుచేయు శాల కలదు. జెట్ ఇంజనులకు ఇట్టి వాల్వులు లేవు. అయినను, చేసిన పనిని వ్రాసి సంతకము చేయక ఏ విమానమును ఎగురనీయరు. ఆ దారిన పోవునపుడెల్ల నాకు ఆ రెండు చుక్కలు జ్ఞప్తికి వచ్చును.